పాప సిటిజన్‌షిప్, వాళ్లమ్మ గ్రీన్‌కార్డు: ఒకే ఇంట్లో రెండు ఫైళ్లు

నేను అమెరికా పౌరుడిగా ప్రమాణం చేసిన రోజు హాల్లో వెనక వరసలో మా ఆవిడ, పదకొండేళ్ల మా అమ్మాయి కూర్చున్నారు. ముందు వరసల్లో మేమంతా కుడి చెయ్యి ఎత్తి ఆఫీసరు చెప్పిన మాటలు తిరిగి అంటున్నాం. పాప ఫోన్లో ఏదో ఆట ఆడుకుంటోంది. అంతా అయ్యాక నా చేతిలో ఒక సర్టిఫికెట్, ఒక చిన్న జెండా పెట్టారు. ఆ నిమిషంలోనే మా పాప కూడా అమెరికా పౌరురాలైపోయిందని నాకు తెలిసేసరికి సాయంత్రమైంది. తన చేతిలో మాత్రం కాగితం ముక్క కూడా లేదు. సంతోషపడే తీరిక కూడా లేకపోయింది, ఎందుకంటే ఇంకో తొమ్మిది రోజుల్లో మాకు హైదరాబాద్ ఫ్లైటు. పాప ప్రయాణం తన ఇండియన్ పాస్‌పోర్టు, గ్రీన్‌కార్డు చూసుకుని వేసుకున్నది. ఆ రెండూ ఇక తన ప్రయాణానికి పనికిరావు.

మా ఆవిడ దారి వేరు. ఎప్పటికైనా ఊరెళ్లి స్థిరపడాలని ఆమె కోరిక. అందుకే ఇండియా పౌరసత్వం వదులుకోకుండా గ్రీన్‌కార్డు మీదే ఉంటానంది. దాంతో మా ఇంట్లో రెండు ఫైళ్లు తయారయ్యాయి. పాపకు హోదా వచ్చేసింది, దాన్ని చూపించే కాగితం లేదు. వాళ్లమ్మ దగ్గర పదేళ్ల కార్డు ఉంది, కార్డు బాగానే ఉన్నా హోదా చేజారే వీలుంది. ఈ తేడా ముందే తెలిసుంటే నాకు రెండు టికెట్ల డబ్బులు మిగిలేవి. మీకైనా మిగలాలని రాస్తున్నాను.

ముందుగా: పాపకు పౌరసత్వం వచ్చిందా లేదా?

చాలామంది "పిల్లల సిటిజన్‌షిప్‌కి అప్లై చేశారా?" అని అడుగుతారు. నిజానికి అప్లై చేయడానికి ఏమీ లేదు. 2000లో చేసిన పిల్లల పౌరసత్వ చట్టం 2001 ఫిబ్రవరి 27 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం విదేశంలో పుట్టిన బిడ్డ విషయంలో ఈ షరతులన్నీ ఒకే సమయంలో కుదిరితే చాలు, పౌరసత్వం దానంతటదే వస్తుంది: తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు అమెరికా పౌరులై ఉండాలి, బిడ్డకు 18 ఏళ్లు నిండకూడదు, బిడ్డకు గ్రీన్‌కార్డు ఉండాలి, ఆ పౌరుడైన తల్లి లేదా తండ్రి సంరక్షణలో వాళ్ల దగ్గరే అమెరికాలో నివసిస్తూ ఉండాలి.

షరతులు కుదిరే వరస ఏదైనా ఫరవాలేదు. తండ్రి ముందు పౌరుడై, బిడ్డకు గ్రీన్‌కార్డు తర్వాత వస్తే, అది వచ్చిన రోజే పౌరసత్వం వచ్చినట్టు. మా పాపకు ముందే గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి నేను ప్రమాణం చేసిన రోజే తనకూ పౌరసత్వం వచ్చింది. ఇంటర్వ్యూ పాసైన రోజు లెక్కలోకి రాదు, ప్రమాణం చేసిన రోజే లెక్క. అమెరికాలోనే పుట్టిన మా చిన్నవాడికి ఇదేమీ అక్కర్లేదు, వాడు పుట్టుకతోనే పౌరుడు.

మన ఇళ్లలో ఈ షరతులు తప్పే చోట్లు నాలుగు చూశాను.

మొదటిది 18వ పుట్టినరోజు. ఒక మిత్రుడి కొడుకు పన్నెండో తరగతిలో ఉండగా తండ్రి ఎన్-400 (పౌరసత్వానికి పెద్దవాళ్లు వేసే దరఖాస్తు) ఇంటర్వ్యూ పూర్తయింది. ప్రమాణానికి తేదీ రావడం ఆలస్యమై, ఈలోగా కుర్రాడికి 18 నిండాయి. తండ్రికి పౌరసత్వం వచ్చింది, కొడుకు మాత్రం సొంతంగా ఎన్-400 వేసుకోవాల్సి వచ్చింది. మీ ఇంట్లో పదిహేడేళ్ల పిల్లలుంటే గ్రీన్‌కార్డు అయిదేళ్లు నిండేదాకా ఆగకండి, దానికి 90 రోజుల ముందే ఎన్-400 వేయొచ్చు. ఇంటర్వ్యూలో పిల్లవాడి పుట్టినరోజు చెప్పి, ప్రమాణానికి ఆ లోపే తేదీ ఇమ్మని అడగండి. ఇచ్చి తీరాలన్న నియమం లేదు కానీ, అడగకపోతే ఇవ్వరు.

రెండోది అమ్మమ్మ దగ్గర చదివే పిల్లలు. ఇది మనవాళ్లలో ఎక్కువ. అమ్మానాన్నలు ఇక్కడ ఉద్యోగాల్లో ఉంటారు, పాపేమో విజయవాడలోనో హన్మకొండలోనో అమ్మమ్మ దగ్గర మూడో తరగతి. తండ్రి ప్రమాణం చేసిన రోజున ఆ పాప నివాసం అమెరికా కాదు కాబట్టి పౌరసత్వం దానంతటదే రాదు. పాప గ్రీన్‌కార్డు హోదా ఇంకా నిలిచే ఉండి, 18 నిండేలోగా తిరిగొచ్చి తండ్రి దగ్గర కాపురముంటే అప్పుడొస్తుంది. ఇండియాలోనే ఉంచాలనుకుంటే ఎన్-600కె అనే వేరే దరఖాస్తు ఉంది. దానికి పౌరుడైన తల్లి లేదా తండ్రి అమెరికాలో మొత్తం అయిదేళ్లు ఉండి ఉండాలి, అందులో రెండేళ్లు తమకు 14 ఏళ్లు వచ్చాక గడిపినవి కావాలి. పాప వీసా మీద ఇక్కడికొచ్చి, 18 నిండకముందే ఆ తతంగమంతా పూర్తి చేయాలి. వేసవి సెలవులకు వచ్చి పోవడమంటే కాపురముండటం కాదని మాత్రం గుర్తుంచుకోండి.

మూడోది సవతి పిల్లలు. రెండో పెళ్లి చేసుకున్న భర్త పౌరుడైనంత మాత్రాన భార్య మొదటి పెళ్లి బిడ్డకు ఈ దారి తెరుచుకోదు. చట్టప్రకారం దత్తత జరిగి, దత్తతకున్న షరతులు కూడా తీరాలి. కన్నతల్లి పౌరురాలైతే అది వేరే సంగతి, అప్పుడు ఆమె ద్వారానే వస్తుంది.

నాలుగోది విడాకులు. బిడ్డ కస్టడీ ఎవరిదో కోర్టు ఉత్తర్వులో చూస్తారు. ఉమ్మడి కస్టడీ సరిపోతుంది. పౌరుడైన తండ్రికి కస్టడీయే లేకపోతే ఆయన ప్రమాణం వల్ల బిడ్డకు పౌరసత్వం రాదు.

కాగితం పని: ముందు పాస్‌పోర్టు

హోదా వచ్చిందని తేలాక దాన్ని రుజువు చేసే కాగితాలు రెండు. ఒకటి అమెరికా పాస్‌పోర్టు. రెండోది ఎన్-600 ఫారంతో వచ్చే పౌరసత్వ సర్టిఫికెట్. నా సలహా, ముందు పాస్‌పోర్టు. కారణం డబ్బు, సమయం రెండూ. పదహారేళ్ల లోపు పిల్లల పాస్‌పోర్టుకు ఫీజు 100 డాలర్లు, దరఖాస్తు తీసుకునే చోట ఇంకో 35 డాలర్లు. త్వరగా కావాలంటే 60 డాలర్లు అదనం. ఎన్-600కి ఆన్‌లైన్లో 1,335 డాలర్లు, కాగితం మీద పంపితే 1,385. ఫీజులు మారుతుంటాయి కాబట్టి వేసే రోజున యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే శాఖ) సైట్‌లో ఒకసారి చూసుకోండి.

పాస్‌పోర్టుకు డీఎస్-11 ఫారం. సంతకం ముందే పెట్టేయకండి, కౌంటర్ దగ్గర ఎదురుగా పెట్టించుకుంటారు. చాలా పోస్టాఫీసుల్లో, కొన్ని లైబ్రరీల్లో, కౌంటీ క్లర్కు ఆఫీసుల్లో తీసుకుంటారు. పదహారేళ్ల లోపు పిల్లలకైతే పాప స్వయంగా రావాలి, అమ్మానాన్నలిద్దరూ రావాలి. ఒకరు రాలేకపోతే డీఎస్-3053 మీద నోటరీ ముందు సంతకం చేసి పంపాలి, అది 90 రోజులే పనికొస్తుంది.

వెంట తీసుకెళ్లాల్సినవి: పాప బర్త్ సర్టిఫికెట్, ప్రమాణం రోజున మీకిచ్చిన నాచురలైజేషన్ సర్టిఫికెట్, పాప గ్రీన్‌కార్డు, మీ పెళ్లి సర్టిఫికెట్, మీ ఇద్దరి గుర్తింపు కార్డులు, రెండంగుళాల చదరపు ఫొటో. ప్రతిదానికీ ఒరిజినల్, ఒక జిరాక్సు. నాచురలైజేషన్ సర్టిఫికెట్ మీద అనుమతి లేకుండా నకలు తీస్తే శిక్షార్హమని అచ్చేసి ఉంటుంది. అది చదివి మా ఆవిడ జిరాక్సు తీయనివ్వలేదు, దొంగతనం చేస్తున్నట్టు తలుపేసుకుని తీశాను. పాస్‌పోర్టు ఫారమే నకలు అడుగుతుంది. చట్టబద్ధమైన పనికి తీస్తే తప్పు లేదు.

ఒక చిక్కు ఏమిటంటే, ఆ సర్టిఫికెట్ ఒకటే ఉంటుంది, దానితో మీకూ పాస్‌పోర్టు కావాలి, పాపకూ కావాలి. ఇద్దరి దరఖాస్తులూ ఒకే కౌంటర్‌లో ఒకేసారి ఇచ్చేయండి, రెండూ ఒకే సర్టిఫికెట్ మీద ఆధారపడ్డాయని చెప్పండి. ఒరిజినల్స్ తర్వాత వేరే కవర్లో తిరిగొస్తాయి, పాస్‌పోర్టు ఒక్కటే వచ్చిందని కంగారుపడకండి.

మాకు తొమ్మిది రోజులే కాబట్టి పోస్టాఫీసు దారి కుదరదు. విదేశీ ప్రయాణం 14 రోజుల్లో ఉన్నవాళ్లకు పాస్‌పోర్టు ఏజెన్సీలో అపాయింట్‌మెంట్ ఇస్తారు. నాలుగు గంటలు కారు నడుపుకుంటూ ముగ్గురం వెళ్లాం. నా పని చిటికెలో అయిపోయింది. పాప కాగితాలు చూస్తున్న కౌంటర్ ఉద్యోగిని బర్త్ సర్టిఫికెట్ దగ్గర ఆగింది. దాని మీద తండ్రి పేరు చోట నా ఇంటిపేరు ఒక అక్షరం, మా తాతగారి పేరు ఒక అక్షరం, తర్వాత నా పేరు. నాచురలైజేషన్ సర్టిఫికెట్ మీదేమో మొత్తం విడదీసి రాసి ఉంది. "ఈ ఇద్దరూ ఒకరేనని ఎలా తెలుసు?" అంది. పొడి అక్షరాలంటే మన దగ్గర ఏమిటో నేను వివరించాను. ఆవిడ మర్యాదగానే విని, కాగితం కావాలంది.

బర్త్ సర్టిఫికెట్ సంగతి కాస్త వివరంగా

ఈ పని మొత్తంలో మనవాళ్లను ఏడిపించేది అమెరికా ఫారాలు కావు, ఊళ్లో ఇచ్చిన బర్త్ సర్టిఫికెట్టే. అందులో మామూలుగా ఉండే తేడాలు ఇవి: పొడి అక్షరాలు, తల్లి పేరు పుట్టింటి ఇంటిపేరుతో, బిడ్డ పేరు గడి ఖాళీ, ఊరి పేరు ఒకచోట ఆసుపత్రిది, ఇంకోచోట సొంతూరిది. పాస్‌పోర్టు మీద అన్నీ కలిపి ఒకే గడిలో పడి, అమెరికాలో మొదటి పేరు ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు అని) అయిపోయిన వాళ్ల బాధ చెప్పనే అక్కర్లేదు.

సరిచేయించడం కష్టం కాదు, ముందుగా మొదలుపెట్టాలి అంతే. జనన మరణాల నమోదు చట్టం, 1969 ప్రకారం తప్పులు దిద్దే అధికారం రిజిస్ట్రారుకు ఉంది. ఖాళీగా ఉన్న పేరు తర్వాత చేర్చే వీలూ ఉంది. తెలంగాణలో మీసేవ ద్వారా, ఆంధ్రలో గ్రామ, వార్డు సచివాలయాల ద్వారా అడగొచ్చు. మీ పదో తరగతి మెమో, పాస్‌పోర్టు, ఆధార్‌లో ఉన్న పేరే సర్టిఫికెట్‌లోనూ పడేలా చూసుకోండి. అక్షరం అక్షరం పోల్చి చూశాకే అక్కడినుంచి కదలమని మీవాళ్లకు చెప్పండి. మా బావమరిది మొదటిసారి తెచ్చిన సర్టిఫికెట్‌లో నా పేరు చివర ఒక అక్షరం ఎగిరిపోయింది, మళ్లీ తిరిగాడు పాపం.

సర్టిఫికెట్ తెలుగులోనే ఉంటే ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. అనువదించినవారు రెండు భాషలూ తమకు వచ్చనీ, అనువాదం పూర్తిగా సరైనదనీ రాసి సంతకం పెట్టాలి. పుట్టుక నమోదే జరగకపోతే నమోదు లేదన్న సర్టిఫికెట్ తీసుకుని, దానికి బడి రికార్డు, ఆసుపత్రి కాగితం, పుట్టుక తెలిసిన పెద్దల అఫిడవిట్లు జోడించాలి.

మేము ఆ సాయంత్రం మా ఆవిడవి, పాపవి టికెట్లు అయిదు వారాలు వెనక్కి జరిపాం. నేనొక్కణ్ణే వెళ్లి సరిచేసిన సర్టిఫికెట్ పట్టుకొచ్చాను.

"పాప గ్రీన్‌కార్డు ఇంకా చెల్లుతుంది కదా, ఇండియన్ పాస్‌పోర్టు మీద ఎక్కేస్తే ఎవరు చూస్తారు?" అని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. ఆ పని చేయకండి. అమెరికా పౌరులు అమెరికా పాస్‌పోర్టు మీదే దేశం దాటాలి, లోపలికి రావాలి. ఇండియా చట్టం ప్రకారం కూడా వేరే దేశ పౌరసత్వం వచ్చాక ఇండియన్ పాస్‌పోర్టు వాడితే జరిమానా. పిల్లల పేరు మీద ఇలాంటి మచ్చ దేనికి?

ఎన్-600 అవసరమా?

పాస్‌పోర్టు ఉంటే చాలు అంటారు కొందరు. రోజువారీ పనులకు చాలు. అయినా నేను ఎన్-600 వేశాను. పిల్లల పాస్‌పోర్టు అయిదేళ్లకే గడువు తీరుతుంది, పౌరసత్వ సర్టిఫికెట్‌కు గడువు లేదు. పైగా పాస్‌పోర్టు ఇచ్చేది విదేశాంగ శాఖ, గ్రీన్‌కార్డు రికార్డు ఉండేది యూఎస్‌సీఐఎస్ దగ్గర. పాస్‌పోర్టు వచ్చినంత మాత్రాన ఆ రెండో చోట పాప ఇంకా గ్రీన్‌కార్డు మనిషిగానే కనిపించొచ్చు. పెద్దయ్యాక ప్రభుత్వ ఉద్యోగానికో, సెక్యూరిటీ తనిఖీకో వెళ్తే ఈ తేడా బయటపడుతుంది. ఇరవై ఏళ్ల తర్వాత నా సర్టిఫికెట్, పెళ్లి సర్టిఫికెట్, పాత గ్రీన్‌కార్డు అన్నీ ఏ అట్టపెట్టెలో ఉన్నాయో వెతుక్కునే పని పాపకు పెట్టదలచుకోలేదు.

తొందర మాత్రం లేదు. ఎన్-600కి వయసు పరిమితి లేదు, ఎందుకంటే అది కొత్తగా పౌరసత్వం అడిగే దరఖాస్తు కాదు, ఉన్నదాన్ని రుజువు చేసేది. 18 లోపైతే మీరు వేస్తారు, దాటితే వాళ్లే వేసుకుంటారు. జత చేసే కాగితాలు దాదాపు పాస్‌పోర్టుకు ఇచ్చినవే. పాప మా ఇంట్లోనే ఉంటోందనడానికి బడి రికార్డు కూడా పెట్టాను. ఆదాయం తక్కువైనవాళ్లు ఐ-912తో ఫీజు మాఫీ అడగొచ్చు.

పాస్‌పోర్టు చేతికి రాగానే చేయాల్సిన ఒక చిన్న పని చాలామంది వదిలేస్తారు. సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు వెళ్లి పాప రికార్డులో పౌరసత్వం మార్పించండి. దీనికి ఫీజు లేదు. మార్పించకపోతే కాలేజీకి ఫెడరల్ ఆర్థిక సాయం అడిగిన ఏడాది కంప్యూటర్‌లో పౌరసత్వం సరిపోలక అక్కడ ఆగుతుంది.

ఇండియా వైపు: పాత పాస్‌పోర్టు, ఓసీఐ

ఇండియా రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. కాబట్టి పాప ఇండియన్ పాస్‌పోర్టును సరెండర్ చేయాలి. అమెరికాలో ఇండియా కాన్సులేట్ల తరఫున దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ కంపెనీ ద్వారా పంపితే రద్దుచేసి, సరెండర్ సర్టిఫికెట్‌తో తిరిగిస్తారు. ఆ రెండూ పారేయకండి, ఓసీఐకి (ఇండియా మూలాలున్న విదేశీ పౌరులకు ఇండియా ఇచ్చే కార్డు) కావాలి.

ఓసీఐ పథకం 2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లోనే మొదలైంది. ఆ కార్డుంటే జీవితాంతం వీసా లేకుండా ఎన్నిసార్లైనా రావచ్చు. ఓటు లేదు. వ్యవసాయ భూమి కొనే హక్కు లేదు, వారసత్వంగా రావచ్చు. మైనర్ పిల్లల దరఖాస్తుకు తల్లిదండ్రులిద్దరి సంతకాలు, ఇద్దరి పాస్‌పోర్టు నకళ్లు కావాలి. పాప 20 ఏళ్లు నిండాక తీసుకున్న పాస్‌పోర్టుతో ఒకసారి ఓసీఐ మళ్లీ తీసుకోవాలి. అంతకుముందు పాస్‌పోర్టు మారినప్పుడల్లా కొత్తదాన్ని, ఫొటోను ఆన్‌లైన్లో ఎక్కిస్తే సరిపోతుంది, దానికి ఫీజు లేదు. ఓసీఐ వచ్చేలోగా అత్యవసరంగా వెళ్లాల్సొస్తే పాప అమెరికా పాస్‌పోర్టు మీద ఈ-వీసా తీసుకోండి.

ఇక్కడొక పిట్టకథ. "పొలం కొనాలంటే ఇండియన్ పాస్‌పోర్టు ఉంచుకోవాలి" అని మా మావయ్యగారు మా ఆవిడకు గట్టిగా చెప్పారు. విదేశంలో కాపురముంటున్నంత కాలం ఎన్ఆర్ఐకి కూడా వ్యవసాయ భూమి కొనే వీలు లేదు, చేతిలో ఏ పాస్‌పోర్టు ఉన్నా అంతే. పొలం కోసమే పౌరసత్వం ఉంచుకుంటున్నవాళ్లు ఈ లెక్క మళ్లీ చూసుకోండి. మా ఆవిడ మాత్రం విని, "నాకు ఓటు కావాలి" అంది. ఇంక నేను మాట్లాడలేదు.

రెండో ఫైలు: వాళ్లమ్మ గ్రీన్‌కార్డు

భర్త పౌరుడైతే భార్య గ్రీన్‌కార్డులో ఏమీ మారదు. జీవితాంతం దాని మీదే ఉండొచ్చు. తర్వాత మనసు మారితే, భర్త పౌరుడయ్యాక మూడేళ్లు కలిసి కాపురం చేసిన లెక్కతో ఎన్-400 వేసే వీలు కూడా ఉంది. ఈలోగా పోగొట్టుకోకుండా చూసుకోవడమే పని.

మనవాళ్లలో పాతుకుపోయిన మాట ఒకటుంది: "ఆర్నెల్లకోసారి వచ్చి ముఖం చూపించి వెళ్తే గ్రీన్‌కార్డు పదిలం." ఇది తప్పు. ఆర్నెల్లలోపు వచ్చినా హోదా పోవచ్చు, ఏడెనిమిది నెలలకొచ్చినా నిలవొచ్చు. అధికారి చూసేది నీ ఇల్లు ఎక్కడ, నువ్వు ఎక్కడికి తిరిగొస్తున్నావు అని. అమెరికాలో కాపురముంటూ ఒక పనిమీద ఇండియా వెళ్లావా, లేక ఇండియాలో కాపురముంటూ కార్డు నిలబెట్టుకోవడానికి అమెరికా వచ్చావా? కొడుకు స్పాన్సర్ చేసిన గ్రీన్‌కార్డును విజిటర్ వీసాలా వాడుకునే మన అమ్మానాన్నలు పట్టుబడేది ఇక్కడే. నాలుగేళ్లుగా ఏడాదికి పది నెలలు గుంటూరులో ఉండి, మనవడి పుట్టినరోజుకు వచ్చి పోతుంటే, ఏ ఒక్క ప్రయాణమూ ఆర్నెల్లు దాటకపోయినా మొత్తం చూసిన అధికారికి అనుమానం వస్తుంది. వాళ్లు నిజంగా అక్కడే ఉండాలనుకుంటే కార్డు వదిలేసి విజిటర్ వీసా తీసుకోవడమే నయం, నా మటుకు.

రోజుల లెక్కకూ విలువుంది. 180 రోజులు దాటితే తిరిగొచ్చేటప్పుడు మిమ్మల్ని కొత్తగా ప్రవేశం కోరుతున్న మనిషిలా పరీక్షించే అధికారం వాళ్లకుంటుంది. ఏడాది దాటితే ఆ కార్డు ప్రయాణానికి పనికిరాదు, కాన్సులేట్‌లో ఎస్‌బీ-1 అనే తిరుగు నివాసి వీసా అడగాలి. మన చేతిలో లేని కారణం వల్ల ఆగిపోయామని చూపిస్తే తప్ప అది దొరకదు.

మా ఆవిడ వాళ్ల నాన్నగారి ఆపరేషన్‌కని వెళ్లి ఏడు నెలలుండిపోయింది. తిరిగొచ్చినప్పుడు వరసలోంచి పక్క గదిలోకి పంపారు. గంటన్నర కూర్చోబెట్టి అడిగింది మూడే ప్రశ్నలు: ఎందుకు వెళ్లారు, ఇక్కడ ఎవరున్నారు, ఇన్నాళ్లూ ఉద్యోగం చేశారా? తన సంచిలో ఒక ప్లాస్టిక్ ఫోల్డర్ ఉంది. అందులో ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, పాప బడి ఉత్తరం, మా ఇంటి లోను స్టేట్‌మెంట్, రెండేళ్ల టాక్సు ట్రాన్‌స్క్రిప్టులు, ఇద్దరి పేరా ఉన్న కారు ఇన్సూరెన్సు. ఆఫీసరు రెండు కాగితాలు తిరగేసి, ఈసారి ఎక్కువ రోజులు వెళ్లేముందు రీఎంట్రీ పర్మిట్ (ఎక్కువ కాలం బయటున్నా తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి పత్రం) తీసుకోమని చెప్పి పంపేశాడు. ఆ ఫోల్డర్ సూట్‌కేసులో కాక చేతి సంచిలో పెట్టుకోవడమే తను చేసిన తెలివైన పని, చెక్-ఇన్ లగేజీ అప్పటికి చేతికి రాదు కదా.

ఒకవేళ అలాంటి గదిలో "హోదా వదులుకుంటున్నాను" అనే ఐ-407 ఫారం ముందు పెడితే, అది స్వచ్ఛందమని గుర్తుంచుకోండి. సంతకం పెట్టక్కర్లేదు. ఇమిగ్రేషన్ జడ్జి ముందు నా మాట చెప్పుకుంటానని అడిగే హక్కుంది, అక్కడ హోదా పోయిందని రుజువు చేయాల్సింది ప్రభుత్వమే. భాష సరిగా రాని పెద్దవాళ్లకు ఈ ఒక్క ముక్క విమానమెక్కేముందు తెలుగులో చెప్పి పంపండి.

రీఎంట్రీ పర్మిట్ ఎలా తీసుకోవాలి

ఐ-131 ఫారం, ఫీజు 630 డాలర్లు. దరఖాస్తు చేసే రోజున మనిషి అమెరికాలో ఉండి తీరాలి. ఇండియా వెళ్లాక గుర్తొచ్చి ఇక్కణ్ణుంచి భర్త వేస్తే చెల్లదు. తర్వాత వేలిముద్రలకు పిలుస్తారు, దానికీ ఇక్కడే ఉండాలి. వేలిముద్రలయ్యాక వెళ్లిపోవచ్చు, పర్మిట్ తర్వాత ఇంటికొస్తుంది. విదేశంలోని కాన్సులేట్‌కు పంపమని ఫారంలోనే కోరే వీలూ ఉంది. వేలిముద్రల పిలుపు ఎప్పుడొస్తుందో మన చేతిలో ఉండదు కాబట్టి ప్రయాణానికి రెండు మూడు నెలల ముందే వేయండి.

పర్మిట్ ఇచ్చిన రోజునుంచి రెండేళ్లు చెల్లుతుంది. పొడిగింపు ఉండదు, మళ్లీ కావాలంటే వచ్చి కొత్తది వేయాలి. గత అయిదేళ్లలో నాలుగేళ్లకు మించి బయటున్నవాళ్లకు మామూలుగా ఏడాదికే ఇస్తారు. ఇది ఉన్నా టాక్సులు, ఇల్లు, కుటుంబం లాంటి బంధాలు ఇక్కడ కనపడాల్సిందే. ఇంకో సంగతి, పర్మిట్ గ్రీన్‌కార్డును కాపాడుతుంది కానీ పౌరసత్వానికి కావలసిన ఎడతెగని నివాసాన్ని కాపాడదు. ఆర్నెల్లు దాటి బయటుంటే అది తెగిందన్న అనుమానం, ఏడాది ఉంటే తెగినట్టే. ఎప్పటికైనా ఎన్-400 వేద్దామనుకునేవాళ్లు రెండు గడియారాలూ చూసుకోవాలి.

ఇంట్లో కూర్చుని పోగొట్టుకునే దారులు

విదేశం వెళ్లకుండానే ఇబ్బంది తెచ్చుకునే పనులు కొన్నున్నాయి. అన్నిటికంటే ప్రమాదం ఓటు. డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో "ఓటరుగా నమోదు చేయమంటారా?" అని మామూలుగా అడిగేస్తారు. గ్రీన్‌కార్డువాళ్లు కాదనే చెప్పాలి. పౌరుణ్ణని తప్పుగా చెప్పుకున్నా, ఓటేసినా దేశంనుంచి పంపించేసే దాకా వెళ్తుంది.

టాక్సు. గ్రీన్‌కార్డు ఉన్నంత కాలం ఇండియాలో ఉన్నా సరే, నివాసిగానే ఫారం 1040 వేయాలి. అక్కడున్నాను కదా అని నాన్-రెసిడెంట్ ఫారం వేస్తే హోదా వదులుకున్నట్టు మీరే రాసిచ్చినట్టు. ఇండియాలో ఉన్న ఖాతాలన్నిటి మొత్తం ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఆ ఖాతాల వివరాలు చెప్పే ఎఫ్‌బార్ వేయాలి. అమ్మ పేరుతో కలిసి ఉన్న జాయింట్ ఎఫ్‌డీ కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

ఇల్లు మారితే పది రోజుల్లో కొత్త చిరునామా చెప్పే ఏఆర్-11 ఫారం వేయాలి, ఆన్‌లైన్లో అయిదు నిమిషాల పని. కార్డు పదేళ్లకు తీరుతుంది, గడువుకు ఆర్నెల్ల ముందునుంచి కొత్త కార్డు అడిగే ఐ-90 వేయొచ్చు. ఆన్‌లైన్లో 415 డాలర్లు, రసీదు వస్తే కార్డు గడువు 36 నెలలు పొడిగించినట్టు. కార్డు తీరిపోయినంత మాత్రాన హోదా పోదు, ప్రయాణాలకూ ఉద్యోగాలకూ మాత్రం చిక్కు.

పౌరసత్వం రాని పిల్లలు ఇంట్లో ఉంటే రెండు తేదీలు రాసి పెట్టుకోండి. 14 ఏళ్లు నిండిన 30 రోజుల్లో వాళ్ల పేరున ఐ-90 వేసి వేలిముద్రలివ్వాలి. మగపిల్లలు 18 నిండిన 30 రోజుల్లో సెలెక్టివ్ సర్వీసులో (అవసరమైతే సైన్యంలోకి పిలిచేందుకు ఉంచే జాబితా) నమోదు కావాలి, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ ఇది తప్పదు.

ఇది రాస్తున్నప్పుడు మా ఆవిడ తెనాలిలో ఉంది, మావయ్యగారికి రెండో ఆపరేషన్. ఈసారి పర్మిట్ చేతిలో పెట్టుకునే వెళ్లింది. మా ఫ్రిజ్ మీద పాప రాసిన చీటీ అంటించి ఉంది. అమ్మ బయల్దేరిన తేదీ, 180వ రోజు, పర్మిట్ తీరే తేదీ. కింద ఎర్ర పెన్నుతో తనే ఇంకో గీత రాసింది: నా పాస్‌పోర్టు తీరే తేదీ.